నెలలు నిండని బిడ్డ: సర్ ఐజాక్ న్యూటను జీవితము

సూరతు నగరమునకు నైరుతి దిక్కున డూమసు సముద్రతీరము కలదు. సెలవు దినములలో పిల్లలతో అచ్చటికి పోవు తెలుగు కుటుంబముల వారు ఒక వింతను చూచియే యుందురు. పోటు వేళ పాదములను తాకిన నీరు ఆటు వేళ బహుదూరము వెనుకకు తీయును. నడుమ నల్లని యిసుకయు బురదయు మాత్రమే మిగులును. తపతీ నది సముద్రమును చేరు చోటికి ఉత్తరముగా వ్యాపించిన ఖంభాతు సింధుశాఖలో ఆటుపోటుల యెత్తు ప్రపంచమున మిక్కిలి హెచ్చయిన వానిలో నొకటి.

ఈ సింధుశాఖ పేరు ఒక మహాగ్రంథమునకు ఎక్కినది. ప్రిన్సిపియా యను లాటిను గ్రంథమున, సముద్రము మహావేగముతో పొంగి తగ్గు చోట్లను చెప్పుచు, గ్రంథకర్త ఇంగ్లండులోని ప్లిమతు రేవును, బర్మాలోని పెగూను, వానితో పాటు ఖంభాతును పేర్కొనెను. అట్టి చోట్ల నీరు 30 మొదలు 50 అడుగుల వరకు, అంతకు మించియు ఎక్కి దిగునని వ్రాసెను. ఆయన ఇంగ్లండు దేశమును విడిచి యెన్నడును పోయినవాడు కాడు. సూర్యచంద్రుల ఆకర్షణమే సముద్రమును లేవనెత్తుచున్నదని తన గదిలో కూర్చుండి లెక్క కట్టి చెప్పెను. ఆ గ్రంథము వెలువడిన 1687లోనే ఇంగ్లీషు కంపెనీ వారు పడమటి తీరమున తమ ప్రధాన స్థానమును సూరతు నుండి బొంబాయికి మార్చిరి.

ఆ గ్రంథకర్త సర్ ఐజాక్ న్యూటను. ఆయన కనుగొనిన ఆకర్షణ సూత్రమును బడికి పోవు బాలురు సైతము ఎఱుగుదురు. కాని ఆయన పుట్టిన రాత్రి ఆ శిశువు తెల్లవారు వరకు బ్రతుకునని ఆ యింట నమ్మినవారు అరుదు. నెలలు నిండక పుట్టిన బిడ్డ పెరిగి పెద్దయైన పిదప వాని మెదడు ఎట్లుండును, జ్ఞాపకశక్తి ఎట్లుండును అని నేడు వైద్యులును తల్లిదండ్రులును అడుగుచున్నారు. ఆ ప్రశ్నను మనస్సున నుంచుకొని న్యూటను జీవితమును పరికించుట యుక్తముగా నుండును.

ఇంగ్లండులోని లింకనుషైరు మండలమున వుల్‌స్తోర్పు అను చిన్న పల్లె కలదు. అచ్చట ఐజాక్ న్యూటను అనియే పేరుగల ఒక రైతు 1642 ఏప్రిలులో హానా ఐస్కో అను ఆమెను వివాహమాడెను. అతనికి చదువు రాదు, సంతకమునకు బదులు గుర్తు పెట్టువాడు. ఆరు నెలలు తిరుగక ముందే అతడు మరణించెను. ఆ దుఃఖమున నున్న హానాకు, ఆ దేశమున నాడు వాడుకలో నున్న పాత పంచాంగము ప్రకారము 1642 డిసెంబరు 25వ తేదీన, అనగా నేటి లెక్కకు 1643 జనవరి 4న, నెలలు నిండని మగశిశువు కలిగెను. లీటరుకు కొంచెము పైబడి పట్టు చెంబులో ఆ బిడ్డను ఇముడ్పవచ్చునని అందఱును చెప్పుకొనిరి. మెడ నిలువకుండుటచే కొంతకాలము మెడ చుట్టును మెత్తని దిండు చుట్టి యుంచిరి. పొరుగు గ్రామమున నున్న ఒక దొరసాని యింటికి బిడ్డ కొఱకు ఏదో తెచ్చుటకు పంపబడిన ఇద్దఱు స్త్రీలు త్రోవలో కంచెమెట్టుపై కూర్చుండిపోయిరి. తాము తిరిగి పోవునప్పటికి బిడ్డ ప్రాణముతో నుండదనియు, తొందరపడి ప్రయోజనము లేదనియు వారు తలచిరి. వృద్ధాప్యమున న్యూటను ఈ కథను తన బంధువునకు స్వయముగా చెప్పెను.

ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుననియు, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదనియు తెలుగు నాట పెద్దలు చెప్పుమాట కలదు. యూరపు ఖండమునను ప్రాచీన కాలము నుండి అట్టి నమ్మికయే యుండెను. శాస్త్రము దీనిని అంగీకరింపదు. గర్భమున గడచు ప్రతి వారమును బిడ్డకు మేలే చేయును. 37 వారములు నిండక పుట్టిన శిశువును నెలలు నిండని శిశువుగా లెక్కింతురు. 34 వారముల నాడు శిశువు మెదడు బరువు నిండు నెలల నాటి బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు మాత్రమే. చివరి వారములలోనే మెదడు ముడుతలు పడును, నరముల తంతువులకు పైపూత యేర్పడుట సాగును. జ్ఞాపకమునకు మూలస్థానమై, సముద్రపు గుఱ్ఱము ఆకారమున నుండు హిప్పోకాంపసు అను భాగము అప్పుడే వేగముగా పెరుగును. ఈ పని గర్భమునకు వెలుపల జరుగవలసి వచ్చినప్పుడు చలియు, ప్రాణవాయువు కొఱతయు, రక్తస్రావమును దానిని చెఱుపగలవు.

వుల్‌స్తోర్పు ఇంట ఆనాడు శిశువును వెచ్చగా నుంచు పెట్టె లేదు. అట్టి పెట్టె పారిసు నగరమున ప్రసూతి ఆసుపత్రికి వచ్చుటకు 1880 దాక ఆగవలసి యుండెను. డిసెంబరు చలిలో రాతి గోడల యింట ఆ బిడ్డకు లభించినవి స్త్రీల చేతులును ఉన్ని గుడ్డలును మాత్రమే. వారము దినములకు, 1643 జనవరి 1న, వానికి తండ్రి పేరే పెట్టి జ్ఞానస్నానము చేయించిరి.

న్యూటనుకు పూర్వము గ్రహముల గతిని మూడు సూత్రములుగా నిర్ణయించిన జర్మను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు యోహాన్ కెప్లరు కూడ తాను నెలలు నిండక పుట్టినట్లే వ్రాసికొనెను. 1571లో పుట్టిన ఆయన, తాను గర్భమున నున్న కాలము 224 దినములని జాతకమున లెక్క వేసికొనెను. అనగా 32 వారములు. కెప్లరు సూత్రములకు కారణమును చూపినవాడు న్యూటను. ఆకాశ గణితమున గురుశిష్యుల వంటి ఈ ఇరువురును కాలమునకు ముందే లోకమునకు వచ్చినవారు.

న్యూటనుకు మూడేండ్ల ప్రాయమున తల్లి ఒక మతాచార్యుని ద్వితీయ వివాహమాడి పొరుగూరికి పోయెను. బాలుని అమ్మమ్మ యొద్ద విడిచెను. సవతితండ్రి మరణించి తల్లి తిరిగి వచ్చు నాటికి బాలునికి పదియేండ్లు దాటెను. ఈ యెడబాటు వాని మనస్సున లోతుగా నాటుకొనెను. పందొమ్మిదవ యేట తన పాపములను గుప్తలిపిలో జాబితాగా వ్రాసికొన్నప్పుడు, తల్లిని, సవతితండ్రిని ఇంటితో సహా కాల్చెదనని బెదరించుటను అందు చేర్చెను. పెద్దయైన న్యూటను ఎవరిని నమ్మక, చిన్న విమర్శకును కలతచెంది, ఒంటరిగా నుండుటకు కారణము వాని పుట్టుకలో కంటె ఈ యెడబాటులో నున్నదని తలచుట న్యాయము.

పండ్రెండవ యేట గ్రాంథము పట్టణములోని పాఠశాలకు పంపిరి. ఆరంభమున వాని స్థానము తరగతిలో దాదాపు చివరిది. పై స్థానమున నున్న ఒక బాలుడు పొట్టపై తన్నగా, బడి విడిచిన పిదప న్యూటను వానితో పోరాడి గెలిచెను. చదువునందును వానిని మించవలెనని పట్టుపట్టి క్రమముగా మొదటి స్థానమునకు చేరెను. తరువాత తల్లి వానిని వ్యవసాయమునకు రప్పించెను. గొఱ్ఱెలను కాయుటకు పోయి అతడు చెట్టు క్రింద పుస్తకము చదువుచు వానిని మరచువాడు. అవి పొరుగువారి పొలములలో పడెను. 1659లో గ్రామ న్యాయస్థానము వానికి జరిమానా విధించెను. ఇట్టి బాలుని మందమతి యని త్రోసివేయుట సులభము. కాని పాఠశాల ప్రధానోపాధ్యాయుడు హెన్రీ స్టోక్సు, మేనమామ విలియం ఐస్కో తల్లిని ఒప్పించిరి. స్టోక్సు నలువది షిల్లింగుల రుసుమును వదలుకొనుటకు సిద్ధపడెను. ఆ ఇరువురి మాట వలన న్యూటను 1661లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో, ధనిక విద్యార్థులకు ఊడిగము చేయు పేద విద్యార్థిగా ప్రవేశించెను.

1665లో ప్లేగు వచ్చి కళాశాల మూతపడెను. 1994 సెప్టెంబరులో ప్లేగు భయముచే లక్షల జనము సూరతును విడిచి స్వస్థలములకు పోయిన దృశ్యమును చూచిన వారికి ఆ కాలపు గందరగోళమును వేఱుగ వర్ణింప నక్కఱలేదు. న్యూటను వుల్‌స్తోర్పుకు మరలెను. సవతితండ్రి విడిచిపోయిన పెద్ద వ్రాతపుస్తకమున చాల పుటలు ఖాళీగా నుండెను. కాగితము ప్రియమైన ఆ దినములలో న్యూటను వానిని గణితముతో నింపెను. చలన గణితమునకు, రంగుల సిద్ధాంతమునకు, ఆకర్షణ సూత్రమునకు పునాదులు ఆ రెండేండ్లలో పడెను. 1669లో, ఇరువదియారేండ్ల ప్రాయమున, ఆయన కేంబ్రిడ్జిలో గణితాచార్యుడయ్యెను.

తెలుగువారు అవధానములను చూచి పెరిగినవారు. నూర్గురు పృచ్ఛకుల ప్రశ్నలను మనస్సున నిలిపి, చివర ధారణలో తప్పు లేక అప్పగించుటయే మహామేధకు గుర్తని వారి అభిప్రాయము. న్యూటను మేధ అట్టిది కాదు. 1684 ఆగస్టులో ఎడ్మండు హాలీ కేంబ్రిడ్జికి వచ్చి, సూర్యుని ఆకర్షణము దూరపు వర్గమును బట్టి తగ్గినచో గ్రహము ఏ మార్గమున తిరుగునని అడిగెను. అండాకార మార్గమున తిరుగుననియు, దానిని తాను లోగడనే లెక్క కట్టితిననియు న్యూటను వెంటనే చెప్పెను. కాని ఆ కాగితము ఎచ్చట నున్నదో వెదకినను దొరకలేదు. మరల వ్రాసి పంపెదనని మాట ఇచ్చి, నవంబరులో పంపెను. ఆ చిన్న వ్రాతయే పెరిగి మూడేండ్లకు ప్రిన్సిపియా యయ్యెను. కాగితము పోయినను అందలి తర్కము ఆయన బుద్ధిలో నిలిచియుండుటచే దానిని తిరిగి నిర్మింపగలిగెను.

ఆ గ్రంథమును వ్రాయు కాలమున ఆయనకు లేఖకుడుగా నున్న హంఫ్రీ న్యూటను, ఆయన మరపును గుఱించి పలు సంగతులు వ్రాసి పెట్టెను. ఇరువురి ఇంటిపేరును ఒకటే కాని చుట్టరికము లేదు. భోజనము బల్లపై చల్లారిపోవునది. భోజనశాలకు బయలుదేరి దారి తప్పి వీథిలోనికి పోయి, పొరపాటు తెలిసి వెనుకకు మరలి, భోజనశాలకు బదులు తన గదికే చేరుకొనువాడు. ఇది మెదడు లోపము కాదు. ఒక ప్రశ్నను నెలల తరబడి వదలక పట్టుకొనిన మనస్సు తక్కినవానిని వదలుట సహజము.

1693లో మాత్రము నిజమైన ఆపద కలిగెను. న్యూటను పక్షము దినములు రాత్రికి గంట సేపైనను నిద్ర లేక, ఐదు రాత్రులు కన్ను మూయక, మతి చలించినవాడై మిత్రులైన పెపిసునకు, తత్త్వవేత్త లాకునకు నిందలతో ఉత్తరములు వ్రాసెను. తేరుకొనిన పిదప లాకునకు క్షమాపణ చెప్పుచు, ఉత్తరము వ్రాసినట్లు జ్ఞప్తి కలదు గాని, ఆయన గ్రంథమును గుఱించి తానేమి వ్రాసెనో జ్ఞప్తి లేదని ఒప్పుకొనెను. రసవాద ప్రయోగములలో పీల్చిన పాదరసపు ఆవిరియే కారణమని కొందఱును, నిద్రలేమియు ఒంటరితనమును కారణమని కొందఱును తలంతురు. ఏబదియేండ్ల నాటి పుట్టుకను దీనికి కారణముగా చెప్పుటకు ఆధారము లేదు.

1696లో ఆయన కేంబ్రిడ్జిని విడిచి లండను నాణెముల ముద్రణశాలకు అధికారిగా పోయెను. ప్రభుత్వోద్యోగమున ప్రవేశించిన పిదప పూర్వము చెట్ల క్రింద గొఱ్ఱెలను మరచిన ఆ మనుష్యుడు లెక్కలను, పత్రములను తరచి చూచి, పాత వెండి నాణెములను కరగించి క్రొత్తవి ముద్రించు కార్యమును దక్షతతో నడపెను. దొంగ నాణెములు చేయువారిపై సాక్ష్యములను స్వయముగా సేకరించెను. 1699లో ఆ శాఖకు అధిపతియై మరణపర్యంతము ఆ పదవి నందుండెను. 1703లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యెను. 1705లో సర్ బిరుదు పొందెను.

ఎనుబదవ పడి సమీపించిన కొలది ఆయన జ్ఞాపకశక్తి తగ్గెను. తన గ్రంథములను తానే అర్థము చేసికొనలేని స్థితిలో నున్నాడని లండనులో పలువురు చెప్పుకొనిరి. ప్రిన్సిపియా మూడవ ముద్రణమును సరిచూచు బాధ్యత హెన్రీ పెంబర్టను అను యువ వైద్యునిపై పడెను. ఆయన న్యూటనుతో కూర్చుండి విషయములను చర్చించి, జ్ఞాపకము చాల క్షీణించిన మాట నిజమే యైనను, తాను వ్రాసిన దానిని న్యూటను సంపూర్ణముగా గ్రహించుచున్నాడని కనుగొనెను. వెంటనే జవాబు చెప్పలేకపోవుట వేఱు, గ్రహింపలేకపోవుట వేఱు అని ఆయన వ్రాసిన మాటల సారము. మూడవ ముద్రణము 1726లో వెలువడెను. ఆ యేటి ఏప్రిలులో వైద్యుడు స్టూక్లీతో తోటలో కూర్చుండి, అఱువదియేండ్ల క్రిందట వుల్‌స్తోర్పులో ఆపిలు పండు రాలుట చూచి తనకు కలిగిన ఆలోచనను న్యూటను చెప్పెను. నిన్నటి మాట జారిపోయిన వానికి యౌవనము నాటి మాట జ్ఞప్తి యుండెను.

ఇది నెలలు నిండని పుట్టుక ఫలమా? ఎనుబది దాటిన నిండు నెలల వారికిని ఇట్టి మరపు సామాన్యమే. కాబట్టి ఒక్క జీవితము వలన ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. వేల మందిని పుట్టుక నుండి ప్రౌఢదశ వరకు వెంబడించి పరీక్షించిన పరిశోధనలే జవాబు చెప్పవలెను. జర్మనీలోని బవేరియాలో 1985, 1986 సంవత్సరములలో పుట్టిన వారిని, ఇంగ్లండులో 1995లో 26 వారములు నిండక పుట్టిన వారిని వైద్యులు అట్లు పరీక్షించిరి. 32 వారములకు ముందే పుట్టిన వారిలో సగటున మెదడు పరిమాణమును హిప్పోకాంపసు పరిమాణమును కొంత తక్కువగా నుండుననియు, చెప్పిన దానిని మనస్సున నిలుపుకొని పని చేయుట, శ్రద్ధ, లెక్కలు, ఆలోచన వేగము అను వానిలో ఇబ్బంది ఎక్కువ మందికి కలుగుననియు, ఈ వ్యత్యాసము పెద్దయైన పిదపను కొంత నిలుచుననియు తేలెను. వారములు తగ్గిన కొలది ప్రమాదము హెచ్చును. ఐనను సగటు వేఱు, ఒక మనుష్యుడు వేఱు. నెలలు నిండక పుట్టి తక్కినవారి వలెనే చదివి, ఉద్యోగము చేసి, గృహస్థులైన వారు బహుసంఖ్యాకులు కలరు. ఇంటి వాతావరణము, తల్లిదండ్రుల శ్రద్ధ, సకాలమున గుర్తించి యిచ్చు శిక్షణము ఫలితమును మార్చగలవు.

ఇది దూరదేశపు వింత కాదు. 2020లో ప్రపంచమున సుమారు 1 కోటి 34 లక్షల మంది నెలలు నిండక పుట్టగా, వారిలో 30 లక్షల మంది భారతదేశమున పుట్టినవారే. నేత పనికై తెలంగాణము నుండి వచ్చి సూరతులో స్థిరపడిన కుటుంబములలోను, ఉద్యోగరీత్యా బదిలీలపై వచ్చిన కుటుంబములలోను, పుట్టింటి పెద్దలు దగ్గఱ లేక ఇట్టి బిడ్డను పెంచు తల్లులు కలరు. కొలంబియాలోని బొగోటా నగరమున 1978లో ఆరంభమైన కంగారూ మాతృసంరక్షణ అను పద్ధతిలో, బిడ్డను తల్లి తన యెదపై చర్మమునకు చర్మము తాకునట్లు కట్టుకొని, వెచ్చదనమును చనుబాలను ఇచ్చును. తండ్రియు అట్లు బిడ్డను ఎదపై ఉంచుకొనవచ్చును. అచ్చట 1993 మొదలు 1996 వరకు పుట్టి ఈ పద్ధతిలో పెరిగిన వారిని ఇరువదియేండ్లకు పరీక్షింపగా, పెట్టెలలో పెరిగిన వారి కంటె వారి మెదడులో బూడిదరంగు పదార్థము ఎక్కువగా నున్నట్లు కనబడెను.

న్యూటను 1727 మార్చి 2న రాయల్ సొసైటీ సభకు చివరిసారి అధ్యక్షత వహించి, ఆ నెల 20వ తేదీన, పాత పంచాంగము ప్రకారము, మరణించెను. అప్పటికి ఆయనకు 84 ఏండ్లు. వెస్టుమినిస్టరు ఆలయమున రాజులు పరుండిన చోట ఆయనను సమాధి చేసిరి. నెలలు నిండని ప్రతి బిడ్డయు న్యూటను కాడు, కానక్కఱయు లేదు. కాని అట్టి బిడ్డ నడచుట ఆలస్యమైనను, ఎక్కములు మరచినను, బడిలో చివరి వరుసలో కూర్చుండినను, ఇల్లు వానిని గుఱించి ముందే తీర్పు చెప్పుట తగదు. వైద్యునికి చూపి, చూపును వినికిడిని పరీక్షింపించి, ఓర్పుతో మరల మరల నేర్పవలెను. కంచెమెట్టుపై కూర్చుండిన ఆ ఇద్దఱు స్త్రీలు చెడ్డవారు కారు, ఆశ విడిచినవారు మాత్రమే. ఇంటిలో బిడ్డను వెచ్చగా పట్టుకొనిన వారు ఆశ విడువలేదు.